మాట మార్చిన డాక్టరు

నరసరావుపేటలో పట్టాభి అనే గుండె డాక్టరు ఉండేవాడు. రోగి కుర్చీలో కూర్చునేలోపే రోగం పేరు చెప్పేయడం, చెప్పాక చచ్చినా మాట మార్చకపోవడం ఆయనకున్న జబ్బు. జనానికి అదే నచ్చేది. "ఆయన హస్తవాసి గొప్పది" అంటూ ఎగబడేవారు.

ఒకరోజు సుభానీ అనే సన్నాయి విద్వాంసుడు భార్య ఖైరున్‌తో వచ్చాడు. "రాగం అందుకోగానే ఆయాసం, కళ్లు తిరగడం అండీ" అన్నాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల దగ్గర గడ్డలు కనిపించాయి. "క్షయ!" అనేశాడు పట్టాభి. పరీక్షలో క్షయ క్రిములు కనబడలేదు. అయినా మందులు రాసేశాడు.

నెలలు గడిచాయి. సుభానీ చిక్కి సగమయ్యాడు. ఒకనాడు ఆసుపత్రి హాల్లోనే స్పృహ తప్పి పడిపోయాడు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. నర్సులు తెలివి తెప్పించారు.

"డాక్టరుగారూ, మీరిచ్చిన మాత్రలన్నీ ఈయన మింగాడు. రోగమే మీ మాట వినడంలేదు" అని ఏడ్చింది ఖైరున్.

హాలంతా చూస్తోంది. ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే మనిషే పోతాడు.

"నేను పొరబడ్డానమ్మా" అన్నాడు పట్టాభి చివరికి. కుర్చీ లాక్కుని సుభానీ పక్కన కూర్చున్నాడు. "మొదటినుంచి చెప్పవయ్యా. ఒంట్లో ఏది బాధపెట్టినా చెప్పు."

"పోయిన వేసవిలో కళ్లు ఎర్రబడ్డాయండీ. కళ్ల డాక్టరు చుక్కల మందిచ్చాడు. తర్వాత కాళ్లమీద ఎర్రటి బుడిపెలు లేచాయి. గుండె డాక్టరుకు అవన్నీ ఎందుకని చెప్పలేదు."

"నేను అడిగితే కదా నువ్వు చెప్పడానికి!" అని తనను తానే తిట్టుకున్నాడు పట్టాభి.

కళ్లు, కాళ్లు, ఊపిరితిత్తులు, గుండె. అన్నిచోట్లా దూరిన దొంగ ఒక్కడేనేమో! గడ్డలోంచి చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపాడు. గుండెకు స్కాన్ చేయించాడు. దొంగ దొరికాడు. వాడి పేరు సార్కాయిడోసిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి గుండెతో సహా ఒంట్లో ఎక్కడైనా గడ్డలు, వాపు తెచ్చే అరుదైన జబ్బు అది. క్షయ వేషం కట్టి డాక్టర్లను బోల్తా కొట్టించడం దానికి అలవాటు. పట్టాభి పాత మందులు ఆపి, వాపు తగ్గే మందులు మొదలుపెట్టాడు. గుండె తడబడకుండా పేస్‌మేకర్ అమర్చాడు.

మాఘమాసంలో ఒక పెళ్లిలో సుభానీ సన్నాయి ఎత్తాడు. తాళి కట్టే వేళ గట్టిమేళంతో పందిరి అదిరిపోయింది. అందరూ అక్షింతలు వేస్తుంటే, పట్టాభి మాత్రం సన్నాయివైపు తిరిగి, కళ్లనీళ్లతో చప్పట్లు కొట్టాడు.

తన మాట తప్పు అని ఒప్పుకునే ధైర్యం ఉన్నవాడికే నిజం దొరుకుతుంది.