కింద పడిన తోలు పట్టీ

"నొప్పి లేదని పిల్లే చెబుతుంటే ఆపడానికి మనమెవరం?" అని దార్యా తన గురువును అడిగింది.

వోల్గా నది ఒడ్డున ఒక పట్టణంలో ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పే పాత శాల అది. రిమ్మా స్తెపానొవ్నా అక్కడ నలభై ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నారు. దార్యా ఆవిడ దగ్గర ఆ పని నేర్చుకుంటోంది. నాలుగు రోజుల్లో జాతీయ జట్టుకు ఎంపిక పోటీలు. దార్యా తయారు చేస్తున్న పద్నాలుగేళ్ల అల్యోనాకు చీలమండ వాచింది. అయినా ఆడి తీరతానని ఆ పిల్ల పట్టుబట్టింది.

రిమ్మా జవాబుగా తన పాత శిష్యురాలు తయీసియా సంగతి చెప్పారు.

తయీసియా ట్రాము నడిపే ఒకావిడ కూతురు. ఆరో ఏట శాలలో చేరింది. పద్నాలుగో ఏట బీమ్ అనే సన్నటి దూలం మీద దేశంలోని జూనియర్లందరినీ ఓడించింది. పదహారో ఏట యూరప్ పోటీల్లో జట్టుతో పాటు కాంస్యం తెచ్చింది. ఈలోగా ఒకసారి మోచెయ్యి విరిగింది, రెండుసార్లు కాలివేళ్లు విరిగాయి. డాక్టర్లు పెట్టిన గడువు తీరకముందే వచ్చి, వేలాడి తిరిగే బార్లు పట్టుకునేది. సాధనకు ముందు రిమ్మా రోజూ "నొప్పిగా ఉందా?" అని అడిగేవారు. "లేదు" అనేది. ఆ శాలలో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పినవాళ్లు లేరు.

మరుసటి ఏడు ప్రపంచ పోటీలకు ఎంపిక జరుగుతోంది. తయీసియా బార్ల దగ్గర తన వంతు కోసం నిలబడి ఉంది. అరచేతికి కట్టుకునే తోలు పట్టీ జారి కింద పడింది. మరో పిల్లయితే చటుక్కున వంగి తీసుకునేది. తయీసియా వంగలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, నడుము చెక్కలా బిగబట్టి, మోకాళ్లు మెల్లగా మడవడం మొదలుపెట్టింది. సగంలోనే ఆగిపోయింది. నుదుట చెమట పట్టింది.

నాలుగడుగుల దూరంలో ఉన్న రిమ్మా అంతా చూశారు. వెన్ను దెబ్బతిందని ఆవిడకు అప్పుడే అర్థమైంది. న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్లి పేరు కొట్టేయించడానికి ఇంకా సమయం ఉంది. ఆవిడ వెళ్లారు, పట్టీ దగ్గరికి. దాన్ని తీసి, దులిపి, తయీసియా చేతికి తానే కట్టారు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

బార్ల మీద తయీసియా తప్పు చేయలేదు. బీమ్ మీద తొణకలేదు. చివరిది ఫ్లోర్, అంటే నేల మీది విన్యాసం. ఆఖరి పల్టీ కొట్టి, రెండు కాళ్లూ మేకులు దిగ్గొట్టినట్టు నిలబడింది. చేతులు పైకెత్తి నవ్వింది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక కూడా ఆమె చేతులు దించలేదు. సంతోషం పట్టలేక అలా నిలబడిపోయిందనుకున్నారు జనం. రిమ్మా పరుగున వెళ్లేసరికి తయీసియా పెదవులు మాత్రం కదిలాయి. "కాళ్లు ఉన్నట్టే తెలియడం లేదండీ."

పట్టికలో ఆమెది రెండో స్థానం. జట్టులో పేరు చదివే వేళకు ఆమె అంబులెన్సులో ఉంది. వెన్నులో రెండు ఇనుప కడ్డీలు వేశారు. కర్ర పట్టుకుని నడవడానికి ఏడాది పట్టింది. మళ్లీ శాలలో అడుగుపెట్టలేదు.

ఆపరేషనయిన తొమ్మిదో రోజున రిమ్మా ఆసుపత్రికి వెళ్లారు. మంచం పక్కన కూర్చుని, "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగారు.

తయీసియా ముఖంలో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"మీరు చూశారు కదా! చూసి కూడా పట్టీ కట్టారంటే, ఫరవాలేదేమో అనుకున్నాను."

రిమ్మా చెప్పడం ఆపారు. దార్యా తల దించుకుంది. ఆ ఉదయమే అల్యోనా కాలికి బిగుతుగా కట్టు కట్టింది ఆమే. చూసేవాళ్లకు వాపు తెలియకుండా ఒంటి రంగు గుడ్డ వెతికి మరీ కట్టింది. ఆ మాట గురువుకు చెప్పలేదు. ఇంత మాత్రం అడిగింది.

"అప్పుడు మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు" అన్నారు రిమ్మా. "ఆ ఏడాదే నాకు ఉత్తమ శిక్షకురాలి బిరుదు ఇచ్చారు."