మేడకి వదిలిన కొమ్మ

చిట్టీ, దుప్పటి కప్పుకున్నావా? ఇది ఫోన్లో పంపే కథ కదా, నువ్వు ఊఁ కొట్టినా నాకు వినపడదు. అయినా కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో, రైలు గేటు పక్క సందులో, పేరిందేవి అని ఒకావిడ ఉండేది. ఒక్కతే. మోకాళ్ళు మడతపడవు పాపం. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కిటికీకి, అంతే ఆవిడ నడక.

కిటికీ పక్కన తీగ గులాబీ ఉండేది. దానికి మోకాళ్ళ నొప్పుల్లేవు కదా, నిటారుగా మేడ మీదికి పాకేసింది. పువ్వులన్నీ పైన, ఈవిడకేమో ముళ్ళు.

మేడ మీద కొత్తగా ఎవరో అద్దెకి దిగారు. మెట్లు వెనక వీధిలో ఉన్నాయి, ఎవరో ఏమిటో ఈవిడ చూడనేలేదు. కానీ పొద్దున్నే వాళ్ళు పువ్వు కోస్తే కింద కొమ్మ ఊగేది. "లేచారన్నమాట" అనుకుని, అప్పుడు కాఫీ తాగేది.

మరి ఆవిడకీ ఒక పువ్వు చేత్తో పట్టుకోవాలని ఉండదూ?

మొదట పీట ఎక్కబోయింది. కాలు జారింది. కిటికీ ఊచ పట్టుకుని నిలదొక్కుకుంది. అయ్యో అనేవాళ్ళు కూడా లేరు.

ఆ తర్వాత సందులో పోతున్న కొబ్బరికాయలు దింపే అతన్ని, తీగ కాస్త కిందికి వంచిపెట్టమని పిలిచింది. "ముళ్ళు తప్ప ఏమున్నాయమ్మా, మొదలంటా కొట్టేస్తా" అన్నాడు.

"నాకు మాత్రం నొప్పులు తప్ప ఏమున్నాయి నాయనా, నన్నూ కొట్టేస్తావా?" అంది. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడింక కుర్చీలో కూర్చున్నచోటు నుంచే పని మొదలెట్టింది. మామిడికాయలు కోసే దోటి తెచ్చుకుని, ఒక్కో కొమ్మనీ కిందికి లాగింది. ఎండినవి కత్తిరించింది. పచ్చివి విరగకుండా, రోజూ కాస్త కాస్త వంచుతూ, పాత చీర పేలికలతో ఊచలకి అడ్డంగా కట్టింది. అడ్డంగా పడుకోబెడితే గులాబీకి కణుపు కణుపుకీ మొగ్గొస్తుంది చిట్టీ. నిటారుగా ఉంటే కొసనే పూస్తుంది.

ఆఖరికి ఒక్క కొమ్మ మిగిలింది. దోటి తగిలించింది. ఇదీ లాగేస్తే, పొద్దున్నే ఊగేదేముంది? దోటి తీసేసింది.

ఆ తర్వాత కిటికీ నిండా పూసింది. ఆవిడ ఒక పువ్వు తెంపి వాసన చూసింది. కానీ మేడకి వదిలిన ఆ కొమ్మ ఊగలేదు. మర్నాడూ ఊగలేదు. ఆ మర్నాడూ లేదు. పువ్వులన్నీ కిందికి లాగేసుకుంది, కోయొద్దని చెప్పడమే కాబోలు అని పైవాళ్ళు అనుకున్నారో ఏమో. పక్కన కాఫీ చల్లారిపోయింది.

అప్పుడు ముళ్ళు లేని చోట చూసి కొమ్మ పట్టుకుని, తనే కింద నుంచి ఊపింది.

ఏమీ లేదు.

మళ్ళీ ఊపింది. కాసేపాగి, పైనుంచి మెల్లిగా ఊగింది.

ఎవరంటావా? ఆవిడకీ తెలీదమ్మా. కాఫీ వెచ్చబెట్టుకుని తాగింది.

కథ కంచికి,
కొమ్మ మేడకి,
చిట్టి నిద్రకి.
పొద్దున లేచి ఒక్క ఊఁ, అమ్మమ్మ ఫోనుకి.