బొట్టు పెట్టని పిలుపు

అనకాపల్లిలో సర్వారాయుడనే రిటైరైన కోర్టు గుమాస్తా ఉండేవాడు; మంచివాడే కానీ, చట్టం ఏమంటుందో తెలిస్తే తప్ప తన మనసేమంటుందో చెప్పలేకపోయేవాడు.

ఆయన బావమరిది త్రినాథ్ అదే ఊళ్లో సుదర్శనంతో కలిసి ఉండేవాడు. ఇద్దరూ మగవాళ్లే. అయినా ఆలుమగల్లా ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకరికొకరుగా బతికేవారు. ఆ సంగతి తెలిసిన మొదట్లో, "అది చట్టప్రకారం నేరం," అని రాయుడు వాళ్లను గడప తొక్కనివ్వలేదు. కొన్నేళ్లకు పెద్ద కోర్టు నేరం కాదంది. మర్నాడే ఇద్దరినీ పిలిచి గారెలు పెట్టించాడు. తర్వాత, వాళ్ల పెళ్లిని పెళ్లిగా గుర్తించడం తమ పని కాదనీ, చట్టసభలే చూసుకోవాలనీ అదే కోర్టు అంది. గారెలు ఆగిపోయాయి. థాయిలాండ్‌లో అలాంటి పెళ్లిళ్లకు చట్టం వచ్చిందని చదివిన రోజు త్రినాథ్‌ను బజార్లో నవ్వుతూ పలకరించాడు. మరెక్కడో శిక్షలు పెంచారని విన్న రోజు తల తిప్పుకున్నాడు.

"ఒక దేశం తలుపు తీస్తుంది, ఇంకో దేశం గడియ పెడుతుంది. ఏది ఒప్పో నాకెలా తెలుస్తుందే?" అని భార్య మాణిక్యాంబ దగ్గర వాపోయేవాడు.

"వాడు నా తమ్ముడండీ, దేశం కాదు," అనేది ఆవిడ.

ఇంతలో సింహాద్రి అప్పన్న దయవల్ల కూతురు హైమకు పెళ్లి కుదిరింది. వాళ్లలో పెళ్లికూతురిని మేనమామే బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. అందుకని మేనమామ ఇంటికి వెళ్లి, ఇంటిల్లిపాదికీ బొట్టు పెట్టి పిలవాలి. మోకాళ్ల నొప్పులతో కదలలేక మాణిక్యాంబ కుంకుమ భరిణె మొగుడి చేతికిచ్చి పంపింది.

త్రినాథ్, సుదర్శనం ఇద్దరూ ఎదురొచ్చారు. రాయుడు త్రినాథ్ నుదుట బొట్టు పెట్టాడు. సుదర్శనం కూడా ఆశగా తల కాస్త ముందుకు వంచాడు. రాయుడి వేలు గాల్లోనే ఆగిపోయింది. పెడితే, చట్టం ఒప్పుకోని కాపురాన్ని తాను ఒప్పుకున్నట్టా? పెట్టకపోతే ఏమైనట్టు? ఏమీ పాలుపోక భరిణె మూసేశాడు.

"త్రినాథూ, నువ్వు రా. మిగతాది... చూద్దాం," అన్నాడు.

సుదర్శనం మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

పెళ్లినాడు ముహూర్తం దగ్గరపడింది. త్రినాథ్ జాడ లేదు. "మేనమామ ఎక్కడయ్యా?" అని పురోహితుడు కేకలేస్తున్నాడు.

బుట్టలో కూర్చున్న హైమ, "ఇద్దరు మామయ్యలూ వస్తేనే ఈ బుట్ట కదలాలి నాన్నా," అంది. "నువ్వు తలుపులేసుకున్న రోజుల్లోనూ అమ్మ నన్ను వాళ్లింటికి పంపేది. నాకు లెక్కలు నేర్పింది సుదర్శనం మామయ్యే."

రాయుడు పెళ్లికొచ్చిన వకీలును పక్కకు లాగి, "దీనికి చట్టం ఏమంటుందండీ?" అని అడిగాడు.

వకీలు ఎగాదిగా చూశాడు. "బొట్టుకు చట్టమేమిటయ్యా! ఏ కోర్టూ పెట్టమనదు, పెట్టొద్దనీ అనదు."

రాయుడు భరిణె పుచ్చుకుని ఆటోలో త్రినాథ్ ఇంటికి వెళ్లాడు. "సుదర్శనం, తప్పయిపోయింది. రా బాబూ," అంటూ వేలు చాపాడు.

సుదర్శనం పక్కకు జరిగాడు. "ఇవాళ పెడతారు సార్. రేపు ఏ దేశంలోనో ఏదో మారితే చెరుపుకోమంటారు. ఈ నుదురు అలిసిపోయింది." తర్వాత త్రినాథ్‌తో, "నువ్వు వెళ్లు. పిల్ల ముహూర్తం తప్పకూడదు," అన్నాడు.

"సుదర్శనం మామయ్యే పంపాడమ్మా," అని త్రినాథ్ చెప్పాకే హైమ కళ్లు తుడుచుకుని సరేనంది. బుట్టకు ఒక పక్క త్రినాథ్ పట్టాడు. రెండో పక్క పట్టాల్సిన మనిషి లేడు. చివరికి కన్నతండ్రే వంగి పట్టాడు. "ఇదేం విడ్డూరం!" అని చుట్టాలు గుసగుసలాడారు.

ముహూర్తం తప్పలేదు. రాయుడు ఏ చట్టాన్నీ మీరలేదు. అయినా ఇంత పెద్ద తప్పు ఎలా జరిగిందో ఆయనకు అర్థం కాలేదు.

చూశారా పిల్లలూ, చట్టం నేరమేదో చెబుతుంది గానీ అయినవాళ్లెవరో చెప్పదు. ఆ మాట దాని నోట వినాలని కూర్చున్నవాడు అయినవాళ్లనే పోగొట్టుకుంటాడు.