తుపాకికి కొత్త పేరు

ఒకానొకప్పుడు కొండల నడుమ చిన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్నేలే వీరకేసరి భూపతికి తన గొప్ప తప్ప మరేదీ కంటికి ఆనేది కాదు.

ఒకరోజు ఆస్థాన పండితుడు నరహరిశాస్త్రి లేచి, "ప్రభూ! తుపాకి తుర్కుల మాట. ఫిరంగి పరంగివాళ్ళ పేరు. తమ ఆయుధాలకు పరాయి పేర్లా?" అన్నాడు. తనే కొత్త పేర్లు కట్టాడు. వత్తి తుపాకి 'సూత్రవర్తికాగ్నినాళిక' అయింది. చెకుముకి తుపాకి 'పాషాణస్ఫులింగనాళిక' అయింది. గొట్టం లోపల మెలికల గాడి ఉన్నదాని పేరు చెప్పడానికి శాస్త్రే మధ్యలో ఊపిరి తీసుకున్నాడు.

రాజు పొంగిపోయి ఆయనకు జరీ శాలువా కప్పాడు. "ఇకమీదట పాత పేరు పలికినవాడు ఎవడైనా సరే, పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలి!" అని చాటింపు వేయించాడు.

మర్నాడే, రాజుగారి వేటల్లో తుపాకి పట్టే ముసలి దస్తగిరి నోట ఆ మాట జారింది.

"పెళ్ళాం మంచం పట్టింది దొరా! దాన్నేసుకుని ఎక్కడికి పోను?" అని కాళ్ళమీద పడ్డాడు.

"ఇవాళ వేట ఉంది. గురి తప్పనివాడు వీడొక్కడే. వేట కాగానే ఇద్దర్నీ వెళ్ళగొట్టండి" అన్నాడు రాజు.

కొలువులో కోనప్ప అనే చమత్కారి ఉన్నాడు. అతనికి ఒళ్ళు మండింది. "ప్రభూ, ఆ మాట ఎక్కణ్ణించి వస్తేనేం? ఆ ఆయుధం మన మందుగుండే తింది, మన పొలిమేరే కాసింది. అది పరాయిదైతే నేనూ పరాయివాణ్ణే!"

"నోరుముయ్. లేకపోతే నువ్వూ వాడి వెంటే!"

"చిత్తం. ఆజ్ఞ ఆజ్ఞే" అన్నాడు కోనప్ప. బయటికొచ్చి దస్తగిరితో, "నేను తలూపేదాకా కాల్చకు" అని చెప్పాడు.

అడవిలో పొదలోంచి పంది దూసుకొచ్చింది. రాజు పరుగున బండరాయి ఎక్కాడు. శాస్త్రి ఎలా ఎక్కాడో చెట్టెక్కాడు.

"కొట్టరా, కొట్టు!" అని రాజు కేక.

దస్తగిరి కోనప్ప వైపు చూశాడు. కోనప్ప చేతులు కట్టుకున్నాడు. "దేనితో ప్రభూ? పేరు సెలవివ్వాలి."

"అదేనయ్యా... సూత్ర... పాషాణ... శాస్త్రీ! ఏమిటది?"

కొమ్మను కరుచుకున్న శాస్త్రికి తను కట్టిన పేరే తోచలేదు. పంది బండ మీదికి ఎగబాకింది.

"తుపాకి! తుపాకితో కొట్టరా నాయనా!"

కోనప్ప తలూపాడు. ఢాం! పంది కిందికి దొర్లింది.

రాజు దిగి చెమట తుడుచుకున్నాడు. కోనప్ప వంగి దండం పెట్టాడు. "పొద్దు వాలుతోంది ప్రభూ, పొలిమేర దాకా నడవాలి. ఆ జబ్బుమనిషి మంచం ఒక కొస దస్తగిరి పట్టుకుంటాడు. రెండో కొస తమరు పట్టండి."

రాజు గుడ్లురిమాడు. కోనప్ప చూపు దించలేదు. కాసేపటికి రాజుకే నవ్వు ఆగలేదు. "ఆజ్ఞ రద్దు! దస్తగిరీ, ఇంటికి పో. కోనప్పా, ఏం కావాలో కోరుకో."

"శాస్త్రిగారి శాలువా ఇప్పించండి. శాలువా అన్నదీ పరాయి మాటే. పాపం, నిన్నటినించీ మోస్తున్నారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

దీపాలు పెట్టే వేళకి ఆ జరీ శాలువా దస్తగిరి పెళ్ళాం మీద వెచ్చగా కప్పి ఉంది.