పొగమంచులో కేక

ఎల్మార దీవుల గురించి ఆశ్రమంలో కొత్తవాళ్లకి పాఠం చెప్పేది తావినే. పడమటి దీవుల్లో ఏడాది పొడుగునా సన్నవాన, తూర్పు దీవుల్లో గాలి, గొర్రెలు మేసే బీళ్లు. వేసవి మొదట్లో వెచ్చటి గాలి వచ్చి చల్లటి నీళ్ల మీద పడిందంటే మధ్యనున్న సముద్రపు పాయని పొగమంచు కమ్మేస్తుంది.

ఆ పొగమంచులోనే ఇప్పుడు తావిన్ దారి తప్పాడు.

పడవలో మందు సీసా ఉంది. తూర్పు దీవిలో గొర్రెల కాపరి కూతురు ఊపిరాడక కొట్టుకుంటోంది. పొద్దు వాలుతోంది. ఎదురుగా గురువు ఓర్హెల్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఎటు పోతున్నాం?"

"తూర్పుకే, గురువుగారూ."

"తూర్పని ఎవరు చెప్పారు?"

తావిన్ తెడ్లు గట్టిగా వేశాడు. సముద్రం వెనక్కి తీసే ఆటు మొదలైంది. నీళ్లు పడవని పక్కకి లాగుతున్నాయి. దగ్గర్లోనే అలలు రాళ్లకి కొట్టుకుంటున్నాయి, ఎటువైపో తెలియడం లేదు.

దారి తప్పినవాడు పేరు చెప్పి కేక వేయాలి. విన్న ఒడ్డువాళ్లు రేకు డబ్బా వాయించాలి, ఒక కేకకి ఒకసారే దరువు. అది ఆ దీవుల ఆచారం. దాన్నీ తావిన్ పాఠంగా చెప్పాడు. ఇప్పుడు తనే కేక వేస్తే, రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"ఇంకాస్త ముందుకెళ్దాం," అన్నాడు.

నల్లటి బండరాయి ఒకటి మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి, కుడి తెడ్డుని గీసుకుంటూ వెనక్కి పోయింది.

గురువు లేచి నిలబడ్డాడు. ఆ నీళ్ల మీద ఆయనంత తిరిగినవాళ్లు ఏ దీవిలోనూ లేరు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఓర్హెల్‌ని! దారి తప్పాను!"

కాసేపటికి ఎడమవైపు రేకు డబ్బా మోగింది. ఒక ఆడమనిషి గొంతు.

"మళ్లీనా గురువుగారూ! మొన్ననేగా తప్పిపోయారు? ఇటు, ఇటు!"

తావిన్ పడవ తిప్పాడు. దరువు ఆగిపోయింది. నాలుగు తెడ్లు వేసేసరికి నీళ్లు మళ్లీ పక్కకి లాగేశాయి. దరువు ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. గురువు వైపు చూశాడు. ఆయన మళ్లీ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, ఇంకో కేక వేసేలా లేడు.

తావిన్ లేచాడు. చేతులు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తావిన్‌ని! దారి తప్పాను!"

"ఎవరూ? పాఠాలు చెప్పే అబ్బాయేనా?" ఒడ్డున నలుగురు ఘొల్లుమన్నారు. డబ్బా ధనధనా మోగింది. "పిల్లకింకా ఊపిరి ఉందయ్యా, తొందరగా రా!"

తావిన్ నవ్వులు వినిపించిన వైపుకి పడవ తిప్పాడు.