గుబురమ్మ గుంటలో పడని రాళ్ళు

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లు విరగబూసే కొండవాలు మీద, గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దానికి ఒక్కడే కొడుకు. నల్లగా గుండ్రంగా ఉంటాడని వాడికి కుంకుడు అని పేరు పెట్టుకుంది.

వాళ్ళ ఇల్లు రెండు పెద్ద బండల వెనక ఉన్న గుహ. లోపలికి వెళ్ళాలంటే ఆ బండల మధ్య సందులోంచి దూరాలి. పులి అందులో తల పెట్టగలదు కానీ భుజాలు పట్టవు. అందుకే గుబురమ్మ ఏరికోరి ఆ ఇల్లు చూసుకుంది. ఆ అడవిలో మిగతా గుహలన్నీ పులి దర్జాగా నడిచివెళ్ళేంత విశాలమైనవి.

ఆ ఏడు చలికాలంలో రేగుపళ్ళు బాగా కాశాయి. బిడ్డకు పాలివ్వాలి కదా అని గుబురమ్మ దొరికిందల్లా తింది. తిన్నది ఒంటబట్టింది. కొన్నాళ్ళు ఒళ్ళు గీసుకుంటూ ఇంట్లోకి దూరింది. ఒకనాటి సాయంత్రం తల లోపలికి వెళ్ళింది కానీ భుజాలు బయటే ఆగిపోయాయి.

అప్పటినుంచి పగలంతా తల్లీబిడ్డా కలిసే తిరిగేవారు. చీకటి పడితే మాత్రం వాడు లోపల, తల్లి బయట. వాడు భయపడకుండా గుబురమ్మ సందులోంచి ఒక చెయ్యి లోపలికి చాపి ఉంచేది. వాడు ఆ చెయ్యి పట్టుకుని పడుకునేవాడు. ఎండాకాలం సరే, తొలకరి పడితే ఎలా? వానలు మొదలైతే వాగు సరిగ్గా ఆ బండల ముందునుంచే పారుతుంది. అప్పుడు తల్లి ఒక పక్క, బిడ్డ ఒక పక్క. ఆ మాట తలుచుకుంటే గుబురమ్మకు ముద్ద దిగేది కాదు. దిగకపోవడమే మంచిదైంది లెండి.

పక్క కలుగులో సూదయ్య అనే ముసలి ఏదుపంది ఉండేవాడు. ఇరుకింట్లో ఉండేవాళ్ళకు ఒళ్ళు అదుపులో ఉండాలని ఆయనకు తెలుసు. ఇంటిముందు ఒక గుంట తవ్వుకోమన్నాడు. ఏది తిన్నా గుంటలో ఒక రాయి వెయ్యాలి. గుంట నిండితే ఆ రోజుకి ఇక నోరు కట్టుకోవాలి. ఆయన తాతల నాటినుంచీ ఏదుపందులు చేసేది అదే.

గుబురమ్మ ఆ మాట పట్టుకుంది చూడండి, అలాంటి పట్టుదల నేను మనుషుల్లో కూడా ఎక్కువ చూడలేదు. కొండముచ్చులు తేనెపట్టు తెచ్చిస్తే ఒక్క ముక్క నాకి, రాయి వేసి, మిగతాది తిరిగి ఇచ్చేసింది. చెదలపుట్ట ఎదురైతే కాసిని చెదలు పీల్చి, రాయి వేసి, పక్కకు తిరిగింది. చైత్రం వచ్చి ఇప్పపువ్వు జలజల రాలి వీపుమీదే పడుతున్నా, గుప్పెడు తిని, రాయి వేసి, నోట్లో ఊరే నీళ్ళు మింగి ఊరుకుంది. అడవంతా దాని గురించే చెప్పుకునేది. కొండముచ్చులయితే పిల్లలను వెంటబెట్టుకొచ్చి, నోరు కట్టుకోవడమంటే ఏమిటో చూసి నేర్చుకోమనేవి.

అన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున అందరి ముందూ గుబురమ్మ సందులో తల పెట్టింది. భుజాలు వెళ్ళలేదు. ఇంకా గట్టిగా తోసింది. పోయినసారి కంటే ముందే ఇరుక్కుంది. కొండముచ్చులు కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది. లోపలినుంచి కుంకుడు అమ్మా అని ఏడుస్తుంటే దాని గుండె తరుక్కుపోయింది. ఏ రోజూ గుంట నిండనే లేదు. మరి ఒళ్ళెందుకు తగ్గలేదు? సూదయ్యకీ అంతు చిక్కలేదు.

నేను మీకు చెప్పేస్తాను. కొండ పక్కన ఒక రాతితొట్టి ఉంది. ఊటనీరు అందులో నిలుస్తుంది. పైనున్న ఇప్పచెట్టు పువ్వంతా అందులోనే రాలి, నాని, పులిసి, ఆ నీళ్ళు తియ్యగా, కాస్త ఘాటుగా తయారయ్యేవి. అవి పెద్దవాళ్ళ నీళ్ళు, మనకొద్దు. రోజంతా నోరు కట్టుకున్న గుబురమ్మ సాయంత్రం అక్కడికి వెళ్ళి, దాహం తీరేదాకా తాగేది. ఒళ్ళు తేలికపడేది, బెంగ కాసేపు మరిచిపోయేది. నమిలితే తిండి, తాగితే నీళ్ళు అని దాని నమ్మకం. ఇప్పపువ్వు తింటే రాయి వేసేది. అదే పువ్వు నానిన నీళ్ళు తొట్టెడు తాగినా వేసేది కాదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు కదా, మన గుబురమ్మ కళ్ళు తెరుచుకునే తాగింది పాపం, అయినా దానికి కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి దాని రొమ్ము మీద బొచ్చంతా చీమలు. సాయంత్రం తాగిన నీళ్ళు కారి అక్కడ ఎండిపోయాయి. నేలమీద చూస్తే తను నడిచొచ్చిన దారి పొడుగునా ఒకటే చీమలబారు. అది రాతితొట్టి దాకా ఉంది.

సూదయ్య వచ్చి ఆ బారును చూశాడు. తర్వాత గుబురమ్మను చూశాడు.

"నీళ్ళకు చీమలు పట్టవు అమ్మాయ్," అన్నాడు మెల్లగా.

అంతలోనే కొండముచ్చులు పిల్లలతో వస్తున్న అలికిడి అయింది. గుబురమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. చీమలను దులిపేసుకుంటే సరిపోతుంది. సూదయ్య నోరు మంచిది, ఎవరికీ చెప్పడు. అడవిలో సంపాదించుకున్న పేరు చెక్కుచెదరదు. కానీ ఆ సందులోంచి ఒక చిన్న చెయ్యి బయటికి చాచి ఉంది, అమ్మ చేతికోసం తడుముకుంటూ.

గుబురమ్మ ఆ చేతిని ఒకసారి నిమిరింది. తర్వాత వాగులోకి దిగి రాళ్ళు ఏరుకొచ్చింది. అందరూ చూస్తుండగానే, నిన్న తాగిన ఒక్కో గుక్కకీ ఒక్కో రాయి గుంటలో వేసింది. గుంట నిండింది. ఇంకా వేసింది. రాళ్ళు పొర్లి కింద పడ్డాయి. కొండముచ్చు పిల్లలు కిసుక్కున నవ్వాయి. అయినా చేతిలో రాళ్ళు అయిపోయేదాకా ఆపలేదు.

"ఇవన్నీ నేను తాగినవే బాబాయ్," అంది. "ఇష్టం కదా అని లెక్కలో వెయ్యలేదు."

నవ్వుతున్న పిల్లలను ముసలి కొండముచ్చు కసిరింది. "ఇన్నాళ్ళూ మీకు చూపించింది ఏమీ కాదర్రా. ఇదిగో, ఇది చూసి నేర్చుకోండి," అంది. ఆ ముసల్ది చాలా మంచిమాట అంది. తిండి మానడం కష్టమే. మెచ్చుకునేవాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం అంతకంటే కష్టం.

ఆనాటినుంచి గుబురమ్మ ఇప్పనీళ్ళు పూర్తిగా మానలేదు. ఎప్పుడైనా మనసైతే ఒక దోసెడు తాగేది. తాగిన వెంటనే రాయి వేసేది. ఆ రాయికి చోటు కావాలి కాబట్టి ఆ పూట తేనె వదులుకునేది. అలా వదులుకోవాలంటే చాలా సాయంత్రాలు దోసెడు కూడా తాగాలనిపించేది కాదు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, పెళపెళమని ఉరిమి, కొండమీద వాన దంచికొట్టింది. కుంకుడు ఉరుముకు జడిసి గుహలోకి దూరిపోయాడు. వాగు ఎర్రగా పొంగుతూ వచ్చి గుబురమ్మ మడమలను తాకింది. అది సందులో తల పెట్టింది. తల వెళ్ళింది. ఊపిరి బిగబట్టింది. భుజాలు వెళ్ళాయి. పొట్ట దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత బండకు గుప్పెడు బొచ్చు వదిలేసి గుబురమ్మ దబ్బున లోపల పడింది.

కుంకుడు పరుగున వచ్చి తల్లి ఒళ్ళో దూరి కడుపారా పాలు తాగాడు. బయట వాగు హోరున పారుతోంది. తాగడం అయ్యాక వాడికి పెద్ద అనుమానం వచ్చింది.

"అమ్మా, పాలకు కూడా రాయి వెయ్యాలా?"

గుబురమ్మ వాణ్ణి రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. ఎన్నో నెలల తర్వాత రెండు చేతులూ వాడికి అందాయి.

"నువ్వు పెరగాలిరా నాన్నా. రాళ్ళు నాకు," అంది.

నీతి: ఇష్టమైనదాన్ని లెక్కలోంచి తప్పిస్తే అది లెక్కే కాదు, నోరు మరిచిన గుక్కను ఒళ్ళు మరవదు.