అందరికీ ఏడో నంబరే

జిలానీ మార్చనంటే మార్చనని కూర్చున్నాడు, ఆ పాస్‌వర్డు.

దర్గాకి వచ్చే ఈమెయిళ్ళు చూసేది అతనే. దూరాన ఉన్నవాళ్ళు దువా చేయమంటూ తమ కష్టాలన్నీ దర్గా పెద్ద గఫూర్ బాబాకి అందులోనే రాసుకుంటారు. మొగుడి దెబ్బలు పడలేక బిడ్డను ఎత్తుకుని పారిపోయిన ఒక తల్లి, తాను ఎక్కడ తలదాచుకుందో కూడా రాసింది.

ఆ ఉదయం ఒక అత్తరు కొట్టు నుంచి కబురొచ్చింది. వాళ్ళ సైటులో ఉన్న ఈమెయిళ్ళూ పాస్‌వర్డులూ ఎవరో ఎత్తుకుపోయారట, పాస్‌వర్డు మార్చుకోమన్నారు. జిలానీ దర్గా ఈమెయిలుతోనే అక్కడ అత్తరు తెప్పించేవాడు.

"పోతే పోనీండి బాబా! అక్కడేముంది, రెండు అత్తరు సీసాలు!"

"మరి మన ఈమెయిలుకి ఏ పాస్‌వర్డు పెట్టావు?"

"అదే. అన్నిటికీ అదే. ఒక్కటైతే మర్చిపోయే గొడవే ఉండదు" అన్నాడు, తన తెలివికి తానే మురిసిపోతూ.

బాబా లేచి వెళ్ళి చెప్పుల స్టాండు దగ్గర కూర్చున్నారు. అబ్బ, ఏం మనిషండీ! ఊరంతా కళ్ళకద్దుకునే ఆ చేతులతోనే, వచ్చినవాళ్ళ చెప్పులందుకుని, టోకెన్లిచ్చి, అరల్లో సర్దారు.

కాసేపటికి జిలానీని పిలిచి ఒక టోకెను చేతిలో పెట్టారు. "వాకిట్లో పడి దొరికింది, బేటా. ఎవరి జతో చూసి తీసిపెట్టు."

ఏడో నంబరు. జిలానీ స్టాండు వైపు చూశాడు. మొదటి జత మీద ఏడు. పక్కదాని మీదా ఏడే. పై అరలో, కింది అరలో, అన్నీ ఏడే!

"అయ్యయ్యో బాబా! అందరికీ ఒకే నంబరిచ్చారేంటి? ఇది ఏ దొంగకి దొరికినా నచ్చిన జత వేసుకుపోడూ?"

"ఒక్కటైతే మర్చిపోయే గొడవ ఉండదన్నావుగా."

జిలానీ మొహం పాలిపోయింది. ఆ తల్లి రాసిన చిరునామా కళ్ళముందు మెదిలింది. వెంటనే ఫోను తీశాడు. అదృష్టం, ఈమెయిల్లోకి ఇంకా ఎవరూ చొరబడలేదు. ఎక్కడా వాడని కొత్త పాస్‌వర్డు పెట్టాక గానీ గుండె కుదుటపడలేదు.

తలెత్తి చూస్తే, లోపలి నుంచి వస్తున్నవాళ్ళకి బాబా ఎవరి చెప్పులు వాళ్ళకి అందిస్తున్నారు. టోకెను వైపు చూడనైనా లేదు. ఒక్క జతా తారుమారు కాలేదు.

"ఇన్ని జతలు ఎలా గుర్తున్నాయి బాబా?"

"మనల్ని నమ్మి వదిలి వెళ్ళారు కదా, బేటా. ఆ మాత్రం గుర్తుపెట్టుకోవద్దూ?"